బసంత్‌నగర్ ఎయిర్‌స్ట్రిప్: ఒక కంపెనీ రన్‌వేకి విమానం ఎలా వచ్చింది, ఎందుకు ఆగింది

పెద్దపల్లి నుంచి గోదావరిఖని వైపు రాజీవ్ రహదారి మీద వెళ్తుంటే మధ్యలో బసంత్‌నగర్ వస్తుంది. బస్సులో వెళ్లేవాళ్లకు కనిపించేది సిమెంటు ఫ్యాక్టరీ. ఆ ఫ్యాక్టరీకి ఒకప్పుడు సొంత ఎయిర్‌స్ట్రిప్ ఉండేదని, 1980ల్లో అక్కడికి టికెట్ కొనుక్కుని విమానంలో వచ్చి దిగేవారని చెబితే మన వయసు వాళ్లు నమ్మడం కష్టమే. కానీ అంతర్జాతీయ విమాన కోడ్‌ల పట్టికలో రామగుండానికి ఆర్‌ఎండీ అనే మూడు అక్షరాలు ఉన్నాయి. కోడ్ ఉంది, విమానం లేదు.

ఇంత చిన్న ఎయిర్‌స్ట్రిప్ మీద ఇంత పెద్ద పోస్ట్ ఎందుకని అడగొచ్చు. లైసెన్స్ రాజ్, 1953 విమానయాన జాతీయీకరణ, వాయుదూత్, 1991 తర్వాతి సరళీకరణ, ఉడాన్ పథకం, ఇవన్నీ మనం సిలబస్‌లో విడివిడిగా చదువుతాం. జీఎస్ పేపర్ 1లో కొంత, పేపర్ 3లో కొంత. ఈ ఒక్క రన్‌వే చరిత్ర చదివితే అవన్నీ ఒకదాని వెనక ఒకటి వరుసలో నిలబడతాయి. పైగా పెద్దపల్లి జిల్లాకు విమానాశ్రయం కావాలనే డిమాండ్ ఇప్పటికీ నడుస్తోంది. దాని కోసం రేపు ఎవరో ఒకరి భూమి పోతుంది. అందుకే పాతది ఎందుకు మూతపడిందో తెలియాలి.

అక్కడే ఎందుకు

రామగుండం ప్రాంతానికి ప్రకృతి ఇచ్చినవి మూడు: సింగరేణి బొగ్గు, గోదావరి నీళ్లు, సున్నపురాయి. నాలుగోది మనిషి వేసుకున్నది, కాజీపేట–బల్లార్షా రైలు మార్గం. ఢిల్లీ–చెన్నై ప్రధాన మార్గంలో భాగం అది. సిమెంటుకు సున్నపురాయి, బొగ్గు రెండూ కావాలి. తయారైన సరుకు బరువైనది కాబట్టి రైలు పక్కనే ఉండాలి. ఈ లెక్కలోనే 1969లో బసంత్‌నగర్‌లో కేశోరాం సిమెంట్ ఉత్పత్తి మొదలైంది.

కేశోరాం పుట్టింది కలకత్తాలో, 1919లో, నూలు మిల్లుగా. తర్వాత అది బి.కె. బిర్లా చేతిలో పెరిగింది. ఘనశ్యామ్ దాస్ బిర్లా చిన్న కొడుకు ఆయన. బి.కె. అంటే బసంత్ కుమార్. ఊరి పేరులో ఆ బసంత్ వినిపిస్తోంది కదా, మిగతాది మీరే ఊహించుకోవచ్చు.

సిమెంటు తర్వాత వరుసగా మిగతావి వచ్చాయి. 1971లో 62.5 మెగావాట్ల రామగుండం బి థర్మల్ కేంద్రం. 1978 నవంబర్ 14న ప్రధాని మొరార్జీ దేశాయ్ ఎన్టీపీసీ రామగుండం కేంద్రానికి శంకుస్థాపన చేశారు. అది క్రమంగా 2,600 మెగావాట్లకు చేరింది. 1980లో ఎఫ్‌సీఐ ఎరువుల కర్మాగారం ఉత్పత్తి ప్రారంభించింది, అదీ బొగ్గు ఆధారంగా. పదకొండేళ్లలో సిమెంటు, కరెంటు, ఎరువులు, బొగ్గు అన్నీ ఒకే చోట చేరాయి. వీటిలో సిమెంటు ఒక్కటే ప్రైవేటు.

ఇప్పుడు ఆ రోజుల్లో ఒక సిమెంటు కంపెనీ యాజమాన్యం ఎలా పనిచేసేదో చూడండి. 1982 ఫిబ్రవరి దాకా సిమెంటు ధర, పంపిణీ రెండూ ప్రభుత్వ నియంత్రణలోనే ఉన్నాయి. ఆ నెలలో పాక్షికంగా, 1989 మార్చిలో పూర్తిగా నియంత్రణ ఎత్తేశారు. ఇల్లు కట్టుకునేవాడికి సిమెంటు పర్మిట్ కావాలి, ఫ్యాక్టరీ పెంచుకునేవాడికి ఢిల్లీ లైసెన్స్ కావాలి. సిమెంటు కేటాయింపుల వ్యవహారంలోనే 1982 జనవరిలో మహారాష్ట్ర ముఖ్యమంత్రి ఎ.ఆర్. అంతులే రాజీనామా చేయాల్సి వచ్చింది. యాజమాన్యం కలకత్తాలో, అనుమతులు ఢిల్లీలో, ఫ్యాక్టరీ కరీంనగర్ జిల్లా మూలన. ఈ మూడింటి మధ్య తిరిగేవాళ్లకు గంటలు కలిసొచ్చే మార్గం కావాలి. సొంత ఎయిర్‌స్ట్రిప్ వెనక ఉన్న తర్కం ఇదేనని నా అంచనా. విలాసం కోసం వేసుకున్నారని కొందరు తేలిగ్గా కొట్టిపారేస్తారు. లైసెన్స్ రాజ్‌లో దూరానికి ఎంత ఖరీదు ఉండేదో వాళ్లు లెక్కలోకి తీసుకోవడం లేదు.

ఆకాశం ప్రభుత్వానిది, నేల కంపెనీది

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్లాలి. బిర్లాలకు విమానాలు కొత్త కాదు. స్వాతంత్ర్యానికి కాస్త ముందు వాళ్లు భారత్ ఎయిర్‌వేస్ అనే విమాన సంస్థ పెట్టారు. 1953లో ఎయిర్ కార్పొరేషన్స్ చట్టం వచ్చింది. ఆ ఏడాది ఆగస్టు 1 నుంచి దేశంలోని విమాన సంస్థలన్నీ జాతీయమయ్యాయి. ఎనిమిది దేశీయ సంస్థలు కలిసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ అయ్యాయి. వాటిలో బిర్లాల భారత్ ఎయిర్‌వేస్ ఒకటి, బిజూ పట్నాయక్ కళింగ ఎయిర్‌లైన్స్ ఒకటి. బేగంపేట కేంద్రంగా నడిచిన దక్కన్ ఎయిర్‌వేస్ ఇంకొకటి. దక్కన్ ఎయిర్‌వేస్‌లో పెద్ద వాటా నిజాం ప్రభుత్వ రైల్వేది. ఒక సంస్థానానికి సొంత ఎయిర్‌లైన్ ఉండటం అరుదైన విషయం, ప్రిలిమ్స్‌కు గుర్తు పెట్టుకోండి.

1953 చట్టం ఆపింది దేన్ని? టైంటేబుల్ వేసి, టికెట్లు అమ్మి, జనాన్ని ఎక్కించుకునే ప్రైవేటు సర్వీసును. సొంత విమానం ఉంచుకోవడాన్ని ఆపలేదు. సొంత స్థలంలో రన్‌వే వేసుకోవడాన్నీ ఆపలేదు. 1937 విమాన నియమాల ప్రకారం ఏరోడ్రోమ్‌లకు ప్రజా వినియోగం, ప్రైవేటు వినియోగం అని రెండు రకాల లైసెన్సులు ఉన్నాయి. దాంతో ఒక విచిత్రమైన పరిస్థితి ఏర్పడింది. ఒక పారిశ్రామిక కుటుంబానికి విమాన సర్వీసు నడిపే హక్కు లేదు, విమానం దిగే నేల మాత్రం ఉంచుకోవచ్చు. జంషెడ్‌పూర్‌లో టాటా స్టీల్‌కు సోనారీ అలాంటిదే. బసంత్‌నగర్ కూడా ఆ కోవలోదే.

రాజ్యాంగపరంగా ఇంకో మాట. విమానాలు, విమాన మార్గాలు, ఏరోడ్రోమ్‌ల ఏర్పాటు ఏడో షెడ్యూల్ కేంద్ర జాబితాలోని 29వ అంశం. భూసేకరణ ఉమ్మడి జాబితాలో 42వ అంశం. ఏ విమానాశ్రయం గొడవ చూసినా ఈ రెండు అంకెల మధ్యే నడుస్తుంది. అనుమతి కేంద్రానిది, భూమి తెచ్చి ఇవ్వాల్సింది రాష్ట్రం. బసంత్‌నగర్‌లో మాత్రం మూడో పక్షం ఉంది, రన్‌వే సొంతదారు.

వాయుదూత్ వచ్చింది

1981 జనవరి 26న వాయుదూత్ మొదలైంది. ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కలిసి పెట్టిన సంస్థ. తొలి లక్ష్యం ఈశాన్య రాష్ట్రాలు. తర్వాత దేశమంతా విస్తరించింది, మంచి రోజుల్లో వందకు పైగా ఊళ్లను కలిపింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వరంగల్, కడప, రాజమండ్రి లాంటి చోట్లతో పాటు రామగుండానికీ సర్వీసు నడిపింది. రామగుండం అంటే దిగేది బసంత్‌నగర్‌లోనే.

ఇది ఎలా సాధ్యమైందంటే విమానం వల్ల. ఇండియన్ ఎయిర్‌లైన్స్ దగ్గర ఉన్న బోయింగ్‌లకు పొడవైన గట్టి రన్‌వే కావాలి. వాయుదూత్ వాడిన డోర్నియర్ 228 పందొమ్మిది సీట్ల చిన్న విమానం, హెచ్‌ఏఎల్ కాన్పూర్‌లో జర్మన్ లైసెన్స్ మీద తయారయ్యేది. కిలోమీటరు లోపు రన్‌వే మీద లేచి, దిగగలదు. అంటే అప్పటిదాకా యజమానుల విమానాలకు మాత్రమే పనికొచ్చిన కంపెనీ ఎయిర్‌స్ట్రిప్‌లు ఒక్కసారిగా ప్రజా రవాణాకు పనికొచ్చే వనరులయ్యాయి. ప్రభుత్వానికి భూమి సేకరించే పని లేదు, రన్‌వే వేసే ఖర్చు లేదు.

1953లో బిర్లాల విమాన సంస్థను తీసుకున్న ప్రభుత్వమే, ముప్పై ఏళ్ల తర్వాత తన విమానాన్ని బిర్లాల రన్‌వే మీద దింపింది. జాతీయీకరణ మీద రాసే వ్యాసాల్లో ఇలాంటి ఉదాహరణ ఒక్కటి పడితే చాలు, ప్రభుత్వ రంగం, ప్రైవేటు రంగం అనే గీత కాగితం మీద ఉన్నంత నిటారుగా నేల మీద ఉండదని చెప్పినట్టవుతుంది.

ఎక్కేవాళ్లు ఎవరు? ఎన్టీపీసీ, ఎఫ్‌సీఐ, సింగరేణి, కేశోరాం, వీటికి యంత్రాలు సరఫరా చేసేవాళ్లు, ఢిల్లీ, కలకత్తా నుంచి తనిఖీకి వచ్చే అధికారులు. రామగుండం ప్రయాణికుల్లో ఎక్కువమంది టికెట్‌కు డబ్బు ఇచ్చేది వాళ్ల జేబు కాదు, వాళ్ల కంపెనీ. గనిలో దిగే కార్మికుడికి ఈ విమానం తలమీదుగా వెళ్లే చప్పుడే. ఈ మాట ఎవరినీ తప్పుపట్టడానికి కాదు. డిమాండ్ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకపోతే అది ఎందుకు ఆవిరైందో అర్థం కాదు.

సీట్ల లెక్క

ఇంజినీరింగ్ చదివిన అలవాటు కొద్దీ ఒక లెక్క వేస్తాను. విమానం రోజుకు ఒకసారి వచ్చి వెళ్తే, రెండు వైపులా కలిపి 38 సీట్లు. రైలులో ఒక స్లీపర్ బోగీకి 72 బెర్తులు. అంటే విమానం నిండుగా నడిచినా రోజు మొత్తం మోసేది అర బోగీ కన్నా కాస్త ఎక్కువ. ఈ 38 మంది కోసం ఇద్దరు పైలట్లు, ఇంధనం, అగ్నిమాపక ఏర్పాటు, వాతావరణ సమాచారం, భద్రతా సిబ్బంది కావాలి. పది సీట్లు ఖాళీగా పోతే ఆ ఖర్చు ఎవరో ఒకరు మోయాలి. వాయుదూత్‌లో మోసింది ప్రభుత్వమే.

మోసినంత కాలం నడిచింది. స్టేషన్లు పెరిగేకొద్దీ నష్టాలూ పెరిగాయి. ఏ ఊరికి విమానం వేయాలన్న నిర్ణయంలో ప్రయాణికుల సంఖ్య కన్నా రాజకీయ ఒత్తిడి ఎక్కువ పనిచేసిందన్న విమర్శ ఆ రోజుల్లోనే ఉంది. ప్రమాదాలు కూడా పేరు చెడగొట్టాయి. 1988 అక్టోబర్ 19న గువాహటి దగ్గర వాయుదూత్ ఎఫ్-27 కూలి అందులోని 34 మందీ చనిపోయారు. 1989 సెప్టెంబర్‌లో పుణె నుంచి హైదరాబాద్ బయల్దేరిన డోర్నియర్ మహారాష్ట్రలో ఉజని జలాశయంలో కూలింది, 11 మంది ప్రాణాలు పోయాయి. 1993లో వాయుదూత్‌ను ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపేయాలని నిర్ణయించారు. చిన్న ఊళ్ల సర్వీసులు ఒక్కొక్కటిగా రాలిపోయాయి. బసంత్‌నగర్ రన్‌వే మీద మళ్లీ టికెట్ విమానం దిగలేదు.

ఇక్కడ ఒకటి గమనించాలి. రన్‌వేకి ఏమీ కాలేదు. ఫ్యాక్టరీ మూతపడలేదు, ఎన్టీపీసీ ఇంకా పెరుగుతూనే ఉంది. నేల మీద ఏదీ మారకుండానే విమానాశ్రయం చచ్చిపోయింది. ఎందుకంటే అది విమానాశ్రయంగా బతికింది కాంక్రీటు వల్ల కాదు, ఖాళీ సీటు నష్టాన్ని భరించే ఒక సంస్థ వల్ల. ఆ సంస్థ పోగానే మిగిలింది ఒక కంపెనీ ఆవరణలోని చదునైన నేల. దాన్ని ప్రజల కోసం తెరిచి ఉంచాలన్న బాధ్యత కంపెనీకి చట్టప్రకారం లేదు, ప్రభుత్వానికీ లేదు.

1994లో ఎయిర్ కార్పొరేషన్స్ చట్టాన్ని రద్దు చేసి ప్రైవేటు ఎయిర్‌లైన్స్‌కు తలుపులు తెరిచారు కదా, అప్పుడైనా ఎవరో రావాల్సింది అనిపిస్తుంది. అదే ఏడాది మార్చిలో రూట్ డిస్పర్సల్ మార్గదర్శకాలు కూడా వచ్చాయి. పెద్ద నగరాల మధ్య లాభసాటి మార్గాలు మొదటి కేటగిరీ. ఈశాన్యం, జమ్మూ కశ్మీర్, అండమాన్, లక్షద్వీప్ రెండోది. మిగతావన్నీ మూడోది. మొదటి కేటగిరీలో నడిపే సామర్థ్యంలో కనీసం 10 శాతం రెండోదానిలో, 50 శాతం మూడోదానిలో నడపాలి. వినడానికి బాగుంది. కానీ "మిగతావన్నీ" అనే మాటలో ఓ మోస్తరు నగరం కూడా ఉంది, రామగుండమూ ఉంది. బోయింగ్ నడిపే కంపెనీ ఈ లక్ష్యాన్ని విశాఖపట్నం లాంటి చోట పూర్తి చేసుకోగలదు, బసంత్‌నగర్ దాకా రావాల్సిన అవసరమే లేదు. 1999లో ఎఫ్‌సీఐ ఎరువుల కర్మాగారం కూడా మూతపడటంతో ఎక్కే అధికారుల్లో ఒక వర్గం తగ్గిపోయింది.

150 కిలోమీటర్ల వాదన

తెలంగాణలో చిన్న విమానాశ్రయాలు ఎందుకు లేవంటే అందరూ చెప్పే జవాబు ఒకటి ఉంది. శంషాబాద్ విమానాశ్రయం కోసం 2004లో కుదిరిన రాయితీ ఒప్పందం ప్రకారం 25 ఏళ్ల దాకా 150 కిలోమీటర్ల వైమానిక దూరంలో ఇంకో విమానాశ్రయం రాకూడదు. కోచింగ్ నోట్స్‌లో కూడా ఇదే ఉంటుంది. వరంగల్ మామునూరుకు ఇది వర్తిస్తుంది, దూరం 150 లోపే. అందుకే అక్కడ జీఎంఆర్ నుంచి నిరభ్యంతర పత్రం రావాల్సి వచ్చింది, 2025 ఫిబ్రవరి చివర్లో కేంద్రం ఆమోదం తెలిపింది.

బసంత్‌నగర్‌కు మాత్రం ఈ జవాబు సరిపోదు. అక్షాంశ, రేఖాంశాలతో లెక్క వేస్తే శంషాబాద్ నుంచి గాలిలో దూరం సుమారు 190 కిలోమీటర్లు. నిబంధన పరిధికి బాగా అవతల. పైగా ఒప్పందం కుదరడానికి పదేళ్ల ముందే ఇక్కడ సర్వీసు ఆగిపోయింది. మెయిన్స్ జవాబులో తెలంగాణ మొత్తానికీ ఇదే కారణం రాసేస్తే తెలిసిన పరీక్షకుడు అక్కడే ఆగిపోతాడు.

అసలు పోటీ కింద నుంచి వచ్చింది. రాజీవ్ రహదారి నాలుగు వరుసలైంది. 2024 సెప్టెంబర్ నుంచి సికింద్రాబాద్–నాగ్‌పూర్ వందే భారత్ రామగుండంలో ఆగుతోంది. 190 కిలోమీటర్ల గాలి ప్రయాణం అరగంట. కానీ విమానాశ్రయానికి ముందుగా వెళ్లడం, శంషాబాద్ నుంచి నగరంలోకి రావడం కలిపితే ఆ ఆదా చాలావరకు కరిగిపోతుంది. బేగంపేటలో దిగిన 1980ల ప్రయాణికుడికి ఈ రెండో ఇబ్బంది లేదు, నగరం మధ్యలోనే దిగేవాడు. 2008 మార్చిలో బేగంపేట నుంచి సర్వీసులు శంషాబాద్‌కు మారడం దగ్గరి ఊళ్ల విమాన ప్రయాణాన్ని ఎంత దెబ్బతీసిందో ఎవరూ పెద్దగా రాయలేదు. రాయాల్సిన విషయం.

ఇంకో రెండు ప్రైవేటు రన్‌వేలు

ప్రైవేటు ఎయిర్‌ఫీల్డ్ అంటే మూతపడే తీరుతుందా? పుట్టపర్తిలో సత్యసాయి ట్రస్టు 1990లో విమానాశ్రయం కట్టుకుంది. దానికి భక్తుల ప్రయాణం ఆధారం, అందుకే దాని రద్దీ ఆ క్షేత్రం రద్దీతో పాటే పెరిగి తగ్గింది. బళ్లారి పక్కన తోరణగల్లులో జిందాల్ ఉక్కు కర్మాగారానికి విద్యానగర్ విమానాశ్రయం ఉంది. బసంత్‌నగర్‌కు ఇది అచ్చంగా కవల. ఖనిజం, పెద్ద ఫ్యాక్టరీ, కంపెనీ రన్‌వే. 2017లో ఉడాన్ కింద హైదరాబాద్ నుంచి ట్రూజెట్ అక్కడికి ఎగిరింది. అప్పట్లో వాయుదూత్ చేసిన పనినే ఈసారి సబ్సిడీ తీసుకున్న ప్రైవేటు ఎయిర్‌లైన్ చేసింది. 2022లో ట్రూజెట్ కూడా ఆగిపోయింది.

ఉడాన్‌లో ఖాళీ సీటు నష్టాన్ని మోసే పద్ధతికి వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ అని పేరు. సాధారణ రాష్ట్రాల్లో కేంద్రం 80 శాతం, రాష్ట్రం 20 శాతం, మూడేళ్ల పాటు. మూడేళ్ల తర్వాత మార్గం తన కాళ్ల మీద నిలబడాలి. నిలబడుతోందా? కాగ్ 2023 నివేదిక చూడండి. ఉడాన్ మూడో విడత దాకా కేటాయించిన 774 మార్గాల్లో 371 మాత్రమే మొదలయ్యాయి. వాటిలో 112 మూడేళ్లు పూర్తి చేశాయి. ఆ తర్వాత కూడా 2023 మార్చి నాటికి నడుస్తున్నవి 54. ఈ నాలుగు అంకెలు గుర్తుంటే చాలు, ఉడాన్ మీద ఏ ప్రశ్న వచ్చినా జవాబుకు వెన్నెముక దొరికినట్టే.

ఇప్పుడు

తెలంగాణ ప్రభుత్వం ఆరు విమానాశ్రయాలు ప్రతిపాదించినప్పుడు మామునూరు, ఆదిలాబాద్‌తో పాటు బసంత్‌నగర్‌ను పాత స్థలాల జాబితాలో పెట్టింది. జక్రాన్‌పల్లి, పాల్వంచ, దేవరకద్ర కొత్త స్థలాలు. ఆ తర్వాత పెద్దపల్లి జిల్లా చర్చ అంతర్గాం వైపు మళ్లింది. ఈలోగా రన్‌వే సొంతదారు విషయమూ మారింది. కేశోరాం సిమెంటు వ్యాపారం 2025 మార్చి నుంచి అల్ట్రాటెక్‌లో కలిసిపోయింది. అల్ట్రాటెక్ ఛైర్మన్ కుమార్ మంగళం బిర్లా, బి.కె. బిర్లా మనవడే. 1934 విమాన చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది.

అంతర్గాం కోసం సర్వే బృందం వస్తే రన్‌వే పొడవు, కొండల ఎత్తు, నేల గట్టితనం అన్నీ కొలుస్తారు. వాటితో పాటు గ్రామసభలో ఎవరైనా అడగాల్సిన ప్రశ్నలు ఇంకో మూడు ఉన్నాయి. ఏ విమానం, ఎన్ని సీట్లు? నాలుగో ఏడాది ఖాళీ సీటు ఖర్చు ఎవరిది? సర్వీసు ఆగిపోతే సేకరించిన భూమి ఏమవుతుంది? బసంత్‌నగర్‌లో మూడో ప్రశ్న పుట్టలేదు, ఎందుకంటే ఆ నేల కంపెనీది. అంతర్గాంలో పుడుతుంది.

ప్రాక్టీస్ కోసం: "భారతదేశంలో ప్రాంతీయ విమానయానం విఫలమవడానికి మౌలిక వసతుల కొరత కన్నా నిర్వహణ వ్యయాన్ని భరించే వ్యవస్థ లేకపోవడమే ప్రధాన కారణం. వాయుదూత్, ఉడాన్ అనుభవాల ఆధారంగా చర్చించండి. 250 పదాలు, 15 మార్కులు." రాసి చూడండి. బసంత్‌నగర్‌కు రెండు వాక్యాలకు మించి ఇవ్వకండి, మిగతా స్థలం అంకెలకు కావాలి.